మోకును నమ్ముకొన్నవారు

కాణిపాకమునకు పోవు యాత్రికుడు వరసిద్ధి వినాయకుని సన్నిధిని తాను కొట్టు టెంకాయను ఏ అంగడిలో కొనెనో ఎరుగును గాని, ఆ అంగడికి చేరకమునుపు దానిని చెట్టుమీదినుండి దింపిన మనుష్యుడు దేనిని నమ్మి అంత యెత్తునకు ఎక్కెనో ఎరుగడు. ఎరుగవలసిన అగత్యమును ఆతనికి లేదు. స్థలపురాణము చెప్పువారు గ్రుడ్డివాడు, మూగవాడు, చెవిటివాడు అయిన ముగ్గురన్నదమ్ములను గూర్చియు, వారు ఏతముతో నీరు తోడి పైరు పెట్టుచుండగా బావి యింకుటను గూర్చియు, లోతు చేయబోయిన పనిముట్టు రాతికి తగిలి నెత్తురు చిమ్ముటను గూర్చియు, ఊరివారు వచ్చి కొట్టిన టెంకాయల నీరు కాణి నేల పర్యంతము పారుటను గూర్చియు తనివిదీర చెప్పుదురు. కాణి నేలను తడుపుటకు ఎన్ని కాయలు కావలెనో, అన్ని కాయలు కోయుటకు ఎందరు ఎన్ని చెట్లెక్కవలెనో అను సందేహము పౌరాణికునకు కలుగదు. చరిత్ర వ్రాయబూనినవానికి మాత్రము అదియే మొదటి సందేహము.

ఊరి చెంత పారు బాహుదానదిని గూర్చి చెప్పుకొను కథలో సైతము ఒక చెట్టున్నది. శంఖలిఖితులను సోదరులలో తమ్ముడైన లిఖితుడు అన్నగారి ఆశ్రమవనమున అడుగకయే పండ్లు కోసి తినెననియు, అన్న దానిని చౌర్యమని నిర్ణయించి శిక్షకై రాజునొద్దకు పంపెననియు, సుద్యుమ్న మహారాజు ఆతని చేతులు నరికించెననియు, నదిలో మునుగగా అవి మరల మొలిచినవనియు భారతము శాంతిపర్వమున ఉన్నది. ఆ నది మా ఊరిదేయని ఇచ్చటివారి విశ్వాసము. ధర్మశాస్త్రజ్ఞులు ఈ కథలో దండనీతిని చూతురు. చెట్టెక్కి బ్రతుకువాడు చూచినచో చేతులనే చూచును. ఏలయన ఆతని వృత్తి యంతయు ఒక్క చిక్కుమీద నడచుచున్నది: ఎక్కుటకు చేతులు కావలెను, ఎక్కిన పిదప పనిచేయుటకును అవే చేతులు కావలెను. చెట్టును కౌగిలించుకొన్న చేతితో కత్తి పట్టరాదు. కత్తి పట్టిన చేతితో చెట్టును పట్టరాదు. కావున పట్టును చేతులనుండి తప్పించి మరియొకదానికి అప్పగింపవలెను. ఏ దేశమున గాని, ఏ కాలమున గాని, చెట్టెక్కు త్రాటి చరిత్ర ఈ అప్పగింతల చరిత్రయే.

దక్షిణ రాయలసీమలో ఈ విద్యకు ప్రధానముగా హక్కుదారులు ఈడిగలు. గోదావరి కృష్ణా మండలములలో శెట్టిబలిజలు, గమళ్ళు, తెలంగాణమున గౌడులు ఏ వృత్తి చేయుదురో, చిత్తూరు కడప అనంతపురపు సీమలలో ఈడిగలు దానినే చేయుదురు. తాటిచెట్టునకును ఈతచెట్టునకును మాను నిలువుగా పోవునే గాని మధ్య కొమ్మ యుండదు. కాలు పెట్టుటకు కణుపు లేదు, త్రాడు వేయుటకు పంగ లేదు. అట్టి చెట్టునకు ఈడిగ కనుగొన్న ఉపాయము మోకు. నారతో దిట్టముగా పేనిన ఆ త్రాటిని మాను చుట్టును తన నడుము చుట్టును కలిపి ఒకే వలయముగా బిగించును. కాళ్ళకు వేరొక చిన్న బంధము తగిలించుకొనును. తరువాతి క్రియను దగ్గరనుండి చూచినవానికి గాని దానిలోని సూక్ష్మము తెలియదు. దేహమును మ్రానివైపు వంచినంతనే మోకు సడలును; ఆ సడలిన రెప్పపాటులో రెండు చేతులతో దానిని మూరెడు పైకి ఎగురవేయును; వెంటనే వెనుకకు వాలును. వాలుటతో మోకు బెరడును కరచుకొనును. అప్పుడు నడుము బరువు మోకుపై నిలిచియుండగా బంధమున్న పాదములు రెంటిని ఒక్కమారుగా పైకి తీసికొని, మ్రానును ఇరుప్రక్కల అదిమి నిలువబడును. మరల ముందునకు వంగుట, మరల మోకును ఎగురవేయుట. మోవ చేరునప్పటికి రెండు చేతులును ఖాళీగా నుండును. గెలను చెక్కుటకు ఒకటి, ముంతను సవరించుటకు ఒకటి.

ఈ పనిలో మోకు పొడవే ప్రాణము. కుదురు దగ్గర మాను లావు, పైన సన్నము. కాబట్టి క్రిందనే నిలిచి, చెట్టును ఒకమారు కన్నులతో కొలిచి, ఎంత విడువవలెనో ఎంత బిగింపవలెనో నిర్ణయించుకొనవలెను. మోకు మరీ పొట్టిదైనచో మనిషి మ్రానునకు అంటుకొని నిటారుగా నిలువవలసి వచ్చును. అప్పుడు పాదములు మ్రానును లోనికి అదుముటకు మారుగా క్రిందికి జారుటకే చూచును. మరీ పొడవైనచో పాదములకు పట్టు చిక్కును గాని దేహము వెనుకకు దూరముగా వ్రేలాడి, గెల చేతికందదు. వానలో తడిసిన బెరడునకు ఒక కొలత, ఎండలో ఎండిన బెరడునకు మరియొక కొలత. దీనికి శాస్త్రగ్రంథము లేదు. తండ్రి మోకును కొడుకు సవరించుకొనుటయే ఇందలి గురుశిష్యపరంపర. ఒక్క విషయము గమనింపదగినది: ఈడిగ మోకులో పట్టునిచ్చు ముడి యన్నది వేరుగా లేదు. వాలినప్పుడు బిగియుట, వంగినప్పుడు సడలుట అను రెండు ధర్మములును ఆతని నడుములోనే యున్నవి. దేహమే ముడి. ఆ దేహము ఒక్క క్షణము ఏమరుపాటు పడినను, ఎండకు కన్ను చీకట్లు క్రమ్మినను, అడ్డుపడుటకు మరియొకటి లేదు.

ఈ సీమలోనే పట్టును వేరొక విధముగా అప్పగించినవారు యానాదులు. ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన దక్షిణ భారత కులజాతుల గ్రంథమున యానాదులు కొండ చరియలలోని తేనెపట్టును తీయు విధానము వర్ణించియున్నాడు. వెదురుతో అల్లిన పొడవైన త్రాటిని పైన చెట్టునకో గట్టి మేకునకో కట్టి, గంపయు కఱ్ఱయు చేతబట్టుకొని మనిషి క్రిందికి దిగును. క్రింద గడ్డి తగులబెట్టగా లేచిన పొగకు ఈగలు తొలగును. ఉయ్యాలవలె ఊగుచు పట్టును సమీపించి, కఱ్ఱతో పొడిచి గంపలో పట్టుకొనును. గంప నిండగానే త్రాటిని కుదిపిన, పైనున్నవాడు లాగుకొనును. పైన నిలుచువాడు సాధారణముగా ఆతని బావమరదియే అయియుండుననియు, మోసము జరుగకుండుటకే ఆ యేర్పాటనియు థర్‌స్టన్ వ్రాసెను. ఆడబిడ్డ పసుపుకుంకుమలు ఆ త్రాటి చివర వ్రేలాడుచున్నవని తెలిసినవాడు త్రాటిని విడువడు గదా! ఈడిగ తన పట్టును తన నడుమునకు అప్పగింపగా, యానాది దానిని చుట్టరికమునకు అప్పగించెను. నేటి పరిభాషలో చెప్పవలెనన్న ఇది ఒంటి త్రాటి విద్యయే. పట్టునిచ్చు సాధనము మాత్రము బావమరది చేయి.

ఇక ఈడిగల కథలో రాజ్యాంగము ప్రవేశించిన ఘట్టము. 1911లో ఏర్పడిన చిత్తూరు జిల్లా ఆంధ్రరాష్ట్రావతరణము వరకు మద్రాసు పాలనలో నుండెను. రాజగోపాలాచారిగారి మంత్రివర్గము 1937 అక్టోబరు 1వ తేదీన సేలము జిల్లాలో మద్యనిషేధము ప్రారంభించి, మరుసటి యేడు దానిని చిత్తూరు, కడప జిల్లాలకు వ్యాపింపజేసెను. తెలుగుదేశమున కల్లు చట్టవిరుద్ధమైన మొదటి జిల్లాలు ఇవియే యనవచ్చును. త్రాగుడు మానెదనని వినాయకుని యెదుట ప్రమాణము చేసినవాడు మాట తప్పడని ప్రఖ్యాతి వహించిన కాణిపాకము చిత్తూరు జిల్లాలోనే యుండుట కాకతాళీయమే కావచ్చును. కాని దేవుని యెదుట మనసార చేసిన ప్రమాణమునకును, పోలీసువాని లాఠీకి వెరచి మానుటకును గల అంతరము ఇచ్చటి జనులకు బోధింపనక్కరలేకపోయెను. ముంతలో సున్నము పూసిన పులియని తీపి నీరా దిగును. దానిని కాచి తాటిబెల్లము చేసికొమ్మని ప్రభుత్వము గీతవారికి అనుజ్ఞయిచ్చి, సహకార సంఘములకు ప్రోత్సాహము కల్పించెను. ఉద్దేశము మంచిదే. చెఱకు బెల్లమునకు పేరుపడిన చిత్తూరు సంతలో తాటిబెల్లమునకు ఏపాటి గిరాకి యుండునో ఊహింపవచ్చును. చెట్టెక్కువాని దృష్టిలో మారినది ఒక్కటే: కల్లుకైనను నీరాకైనను ఎక్కవలసిన యెత్తు అంతయే, మోకు అదియే, రాబడి మాత్రము వేరు.

1948 నాటికి నిషేధము మద్రాసు రాష్ట్రమంతట అమలులోనికి వచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట యస్.వి. రామమూర్తిగారి అధ్యక్షతన నియమింపబడిన సంఘము ఈ విధానమును ఎత్తివేయవలెనని సూచించెను. గీతకార్మికుల పక్షమున సత్యాగ్రహము నడిపిన గౌతు లచ్చన్నగారు ఆ సూచనను అమలుచేయుమని పట్టుబట్టిరి. 1954 నవంబరులో ప్రకాశం పంతులుగారి మంత్రివర్గము ఈ వ్యవహారము మీదనే, ఒక్క ఓటు తేడాతో శాసనసభలో కూలిపోయెను. తుపాకి గుండుకు ఎదురు నిలిచిన ఆంధ్రకేసరి కల్లుముంత దగ్గర ఓడిపోయెనని ఎగతాళి చేయుట సులభము. కాని కుండ మీదనే గాని, దానిని దింపువాని మీద చూపు నిలుపని శాసనముల గతి యెట్లుండునో దీనివలన తెలియుచున్నది. ఆ చర్చలలో త్రాగువాని ఆరోగ్యమును గూర్చి, ఖజానా నష్టమును గూర్చి మాటలాడిన వారెందరో కలరు. మోకు తెగిపడినవాని నడుమెముకను గూర్చిన ఆలోచన చాలకాలమునకు గాని ప్రభుత్వములకు కలుగలేదు.

మన ఊళ్ళలో దేహమో చుట్టరికమో చేయుచుండిన పనిని ఒక చిన్న త్రాటిముక్క చేత చేయింపవచ్చునని ఐరోపాలో ప్రచారమునకు తెచ్చినవాడు ఆస్ట్రియా దేశపు పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్. సంగీతవాద్యముల తెగిన తంత్రులను అదుకుటకు మొదటి మహాయుద్ధ కాలమున ఆయన ఈ ముడిని వాడెనని చెప్పుదురు. పర్వతారోహణమునకు దానిని ఉపయోగించు తెరగును 1931లో ప్రకటించెను. ముడి మిక్కిలి సరళమైనది. చివరలు కలిపి వలయముగా చేసిన సన్నని త్రాటిని లావుపాటి త్రాటిచుట్టు రెండుమూడు చుట్లు చుట్టి, వలయములోనుండియే వెలికి తీయుదురు. బరువు లేనప్పుడు ముడిని చేతితో పైకి నెట్టిన జారును. బరువు పడగానే చుట్లు బిగిసి త్రాటిని కరచుకొనును. మనవారి జారుముడికిని పీటముడికిని ఆజన్మవైరము గదా. ఇందులో రెండును ఒక్కచోట కాపురము చేయుచున్నవి.

చుట్లు ఇంత పని యెట్లు చేయుననగా, దీని గణితమును 18వ శతాబ్దిలో ఆయిలరును, తరువాత ఐటెల్‌వైనును తేల్చిరి. స్తంభమునకు చుట్టిన త్రాటిలో పట్టు చుట్లతోపాటు కూడిక ప్రకారము పెరుగదు, గుణకారముగా పెరుగును. ఘర్షణ గుణకము 0.3 అనుకొన్నచో, ఒక్క చుట్టునకు ఇటువైపు పట్టినవాని బలమునకు సుమారు 6.6 రెట్లు బరువు అటువైపు నిలుచును. రెండు చుట్లకు 40 రెట్లు దాటును. మూడింటికి 280 రెట్లు దాటును. ఓడరేవులో ఒక్క కళాసి గుంజకు నాలుగు చుట్లు వేసి పెద్ద ఓడను నిలుపుటయు ఇందువలననే. త్రాటిపై త్రాడు చుట్టిన ముడిలో చుట్లు నలుగుట, వంగుట, ఒకదానినొకటి నొక్కుట అను చిక్కులు చేరుటచే లెక్క ఇంత శుభ్రముగా రాదు గాని, ఒక్క చుట్టు తక్కువైనచో జారిపోవుటయు, ఒక్క చుట్టు ఎక్కువైనచో ఊడక పీకులాడుటయు ఎందువలననో ఈ లెక్కయే చెప్పును.

కొండలనుండి ఈ ముడులు వృక్షములకు చేరినవి. ఐరోపా అమెరికాలలో వీథివృక్షములను, తోటవృక్షములను సవరించువారు కత్తికి రంపమునకు రెండు చేతులు కావలసినవారే. వారు త్రాటిని కొమ్మపైనుండి వేసి రెండు వాలములుగా దింపి, ఒక వాలము నడుమునకు కట్టుకొని, రెండవదానిపై ఘర్షణపు ముడి నడిపెడివారు. కొమ్మ దాటి త్రాడు కదలుచుండుటచే మనిషి బరువులో ఇంచుమించు సగమే ముడిపై పడును; కావున ముడి బిగిసినను విడిపింప సులభము. ఆస్ట్రియావాడైన హైన్జ్ ప్రొహాస్కా 1981లోనే ప్రకటించిన ఒక ముడిని, అమెరికాలో జేసన్ బ్లేక్ తాను స్వతంత్రముగా కనుగొని 1994లో వెల్లడింపగా, అది బ్లేక్ పేర నిలిచినది. అంతకుముందు వారు వాడుచుండిన ముడి తనంతట తాను వదులై పోవుట కలదు, బ్లేక్ ముడిలో ఆ దోషము తక్కువ. మరికొంత కాలమునకు డిస్టెల్ అనియు వాల్డోటేన్ అనియు పిలువబడు ముడులు వారి వాడుకలోనికి వచ్చినవి. వాల్డోటేన్‌లో పైన చుట్లు, క్రింద జడవలె అల్లికలు. చుట్లు కరచును, అల్లికలు విడుచును. ఏ పాళ్ళలో రెండును ఉండవలెనన్నదే నేర్పు.

ఒంటి త్రాటి పద్ధతి వచ్చుటతో ఈ నేర్పునకు పరీక్ష కఠినమైనది. ఇందులో త్రాడు కదలదు. సన్నని దారమునకు బరువు సంచి కట్టి విసిరి, దారము వెంట త్రాటిని కొమ్మపైకి లాగి, ఒక కొనను గట్టిగా కట్టివైచి, రెండవదానిపై మనిషి ఎగబ్రాకును. గుహాన్వేషకులు చాలకాలముగా చేయుచున్న పనియే. త్రాటి కొనను మ్రాను మొదట కట్టినచో పైనున్న కొమ్మపై మనిషి బరువునకు ఇంచుమించు రెట్టింపు పడునని మరువరాదు. ఇక్కడ మనిషి బరువంతయు ఒక్క ముడిమీద పడును. ఎక్కునప్పుడు బాధలేదు, దిగదలచి ముడిని వ్రేళ్ళతో సడలింపబోయిన, అది మొరాయించును, లేదా ఒక్కమారుగా తెగబడి జారును. జారుటలో పుట్టు వేడికి నైలాను త్రాటి పైపొర కరగి గాజువలె మెరయును. అట్టి త్రాడు మరల నమ్మదగినది కాదు. అందుచేత వేడికి కరగని అరమిడ్ నూలు కలిపిన త్రాళ్ళు ముడికి ప్రత్యేకముగా తయారైనవి. 2010 ప్రాంతమున కెవిన్ బింగ్‌హామ్ అను అమెరికా వృక్షారోహకుడు ముడికి పైన త్రాటిని కొద్దిగా వంచి కొంత ఘర్షణను ముందే పుట్టించు రోప్ రెంచ్ అను చిన్న సాధనమును కల్పించెను. బరువులో కొంత అది భరించుటచే, రెండు వాలముల త్రాటిపై వలెనే ఒంటి త్రాటిపైనను ముడి మెత్తగా విడుచును. ఈడిగ నడుము వంచి పట్టును తగ్గించిన యుక్తిని లోహపుముక్క చేత చేయించినట్లయినది.

ముడిని సవరించుట యన్నది ఈ కూర్పునంతయు మనిషికి తగినట్లు కుదుర్చుటయే. ఎక్కు త్రాడు 11 మొదలు 13 మిల్లీమీటర్ల వరకు లావుండగా ముడి త్రాడు 8 లేక 10 మిల్లీమీటర్లది. ముడి త్రాడు ఎంత సన్నమైతే అంత గట్టిగా కరచును, అంత మొండిగా విడుచును. క్రొత్త త్రాడు బిరుసు. వాడుకలో మెత్తబడి పట్టు మారును. తడిసిన త్రాడు వేరు, మట్టి పట్టిన త్రాడు వేరు. కాలు విడుచునంతనే కరచుచున్నదా, లేక జానెడు జారి కరచుచున్నదా యన్నది నేలకు మూరెడెత్తున వ్రేలాడి చూచుకొనవలెను. జానెడు జారినచో చుట్టు పెంచవలెను, లేక త్రాటిని పొట్టి చేయవలెను. నిన్న కుదిరినదే నేడు కుదురునను భరోసా లేదు. తాటి మొదట నిలిచి మోకు విడిచి బిగించుకొను ఈడిగ దీనిని వినినచో ఇందులో క్రొత్త యేమున్నదని అడుగును.

క్రొత్త యున్నది. ఈడిగ స్పృహతప్పిన, ఆతని ముడియు స్పృహతప్పును. ప్రూసిక్ వంశపు ముడికి మనిషి మెలకువతో పనిలేదు, చేయి విడిచినంతనే అది పట్టుకొనును. కాని ఈ ముడి తాటిచెట్టునకు నేరుగా పనికిరాదు. పైన త్రాడు వేయుటకు పంగ కావలెను; తాటికి మోవ తప్ప మరియేమియు లేదు, ఆ మోవను చేరుటకే గదా ఎక్కుట! తెలంగాణ ప్రభుత్వము 2024 జూలైలో గౌడుల కులదైవము పేర కాటమయ్య రక్ష యను సామగ్రిని గీతకార్మికులకు పంచ మొదలిడి, నడుమునకు తొడుగు పట్టీలను మోకు పద్ధతికి చేర్చినది. మోకును తొలగింపలేదు, దానికి తోడొకటి నిచ్చినది. ఇది తెలివైన పని.

ఒంటి త్రాటికిని ఘర్షణపు ముడికిని మన సీమలో తగిన చెట్టు తాడి కాదు, చింత. చిత్తూరు మండలమున చింతపండు రాలుగాలమున గుత్తకు తీసికొన్నవారు కూలీలను కొమ్మ కొమ్మకు ఎక్కించి, కఱ్ఱలతో కొట్టించి, కుదిపించి కాయ దింపుదురు. చింతకొమ్మ బలమైనది, పంగలు విశాలమైనవి, విసిరిన దారమునకు చిక్కు స్థలములు అనేకములు. అయినను ఆ కూలీకి మోకు లేదు, బంధము లేదు, పైన త్రాడు పట్టు బావమరది లేడు. కొమ్మలున్నవి గదా యను ధైర్యముచేత, కొమ్మలే లేని తాడినెక్కువాడు వందలయేండ్లుగా చూపిన జాగ్రత్తను కొమ్మలున్న చెట్టు నెక్కువాడు నేర్చుకొనలేదు. ముడి త్రాడు నాలుగడుగులైనను చాలును. కఱ్ఱపట్టిన చేతికి కొమ్మను పట్టవలసిన పని తప్పును.